కొవ్వొత్తి సీసాలో మిగిలిన మైనాన్ని తీయడం, మళ్ళీ వాడుకోవడం ఎలా?

గాజు సీసాలో పోసిన కొవ్వొత్తిని చివరి చుక్క వరకూ కాలనివ్వకూడదు. అడుగున అర అంగుళం, అంటే సుమారు 12 మిల్లీమీటర్ల మైనం మిగిలి ఉండగానే దాన్ని వెలిగించడం మానేయాలి. మంటకూ గాజు అడుగుకూ మధ్య ఆ పొర అడ్డుగా ఉండి వేడిని తట్టుకుంటుంది. అది కూడా హరించుకుపోతే ఒత్తి కింద ఉన్న లోహపు బిళ్ళ, దాని కింది గాజు నేరుగా వేడెక్కి సీసా పగలవచ్చు, కింద ఉన్న బల్ల మాడవచ్చు. కాబట్టి ప్రతి సీసాలోనూ కొంత మైనం మిగలడం సహజమే. ఒత్తి మరీ సన్నదై, మధ్యలో గుంత పడినట్టు కాలి, అంచుల చుట్టూ మైనం గోడలా నిలిచిపోయిన సీసాల్లోనైతే సగానికి సగం మిగిలినా ఆశ్చర్యం లేదు.

ఇలా మిగిలిన మైనాన్ని తీసే పద్ధతులు నాలుగైదు ఉన్నాయి. ఏది మంచిదని చాలామంది అడుగుతారు గానీ, ముందు అడగవలసింది మీ సీసాలో ఉన్నది ఏ మైనం, ఆ సీసా ఆకారం ఏమిటి అన్నది. ఈ రెండూ తెలిస్తే పద్ధతి దానంతట అదే తేలిపోతుంది. తెలియకుండా మొదలుపెడితే సీసాను కత్తితో గీకుతూ గంటలు గడపవలసి వస్తుంది.

మొదట మైనాన్ని గుర్తుపట్టండి

సీసా మీది చీటీలో రాసి ఉంటే సరే. లేకపోతే గోటితో నొక్కి చూడండి. ప్యారాఫిన్ మైనం గట్టిగా, నున్నగా, కొంచెం వెలుతురు చొరబడేలా ఉంటుంది. గోరు అంత తేలిగ్గా దిగదు. సోయా మైనం మెత్తగా, పాలమీగడ రంగులో ఉంటుంది, గోటితో గీస్తే చారగా లేచివస్తుంది. తేనెమైనాన్ని దాని పసుపు రంగూ, తేనె వాసనా పట్టిస్తాయి. అంగట్లో దొరికే వాటిలో చాలావరకు రెండు మూడు రకాల కలయికలే కాబట్టి కచ్చితంగా తేలకపోవచ్చు. అది మెత్తనిదా, గట్టిదా అన్నది తెలిసినా పని జరుగుతుంది.

ఈ తేడా ఎందుకంత ముఖ్యమంటే, ప్యారాఫిన్ గడ్డకట్టేటప్పుడు దాని పరిమాణం పదోవంతు దాకా, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువగా తగ్గిపోతుంది, ఇంకా చల్లబరిస్తే మరికొంత ముడుచుకుంటుంది. గాజు అంతగా ముడుచుకోదు కాబట్టి రెండింటి మధ్య పట్టు వదులుతుంది. సోయా మైనం అంతగా ముడుచుకోదు, పైగా గాజును గట్టిగా అంటిపెట్టుకుని ఉంటుంది. అందుకే ఒకరికి చిటికెలో ఊడివచ్చిన మైనం మరొకరికి అదే పద్ధతిలో ఎంతకీ రాదు. ఇక కరిగే వేడి సంగతి: సీసాల్లో పోసే సోయా మైనం దాదాపు 45 నుంచి 55 డిగ్రీల సెల్సియస్ మధ్య, ప్యారాఫిన్ రకాన్ని బట్టి 46 నుంచి 68 మధ్య, తేనెమైనం 62 నుంచి 64 మధ్య కరుగుతాయి. అంటే ఏ మైనాన్నైనా కరిగించడానికి మరుగుతున్న నీళ్ళు అవసరం లేదు.

సీసాను కూడా ఒకసారి వెలుతురులో పట్టి చూడండి. నెర్రెలు ఉన్నా, అంచు పెచ్చు లేచినా మైనం తీసే శ్రమ పెట్టుకోకుండా దాన్ని పారేయడం మంచిది. మూతి కంటే పొట్ట వెడల్పుగా ఉన్న సీసా అయితే గడ్డను గడ్డగా బయటికి తీయడం కుదరదు, కరిగించి పోయవలసిందే.

నిటారు గోడల సీసా, గట్టి మైనం: ఫ్రీజర్

సీసా గోడలు నిటారుగా గానీ పైకి విచ్చుకుంటూ గానీ ఉండి, అందులో ప్యారాఫిన్ ఉంటే దీన్ని మించిన సులువు లేదు. సీసా గది వేడికి చల్లారాక మూడు నాలుగు గంటలు, వీలైతే రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచండి. బయటికి తీసి ఒక మెత్తటి గుడ్డ మీద బోర్లించి, అడుగున అరచేత్తో తట్టండి. చాలాసార్లు మైనం ఒకే బిళ్ళగా జారిపడుతుంది. పడకపోతే మొద్దు అంచున్న కత్తిని, వెన్న రాసుకునేలాంటిదాన్ని, మైనానికీ గాజుకూ మధ్య ఒక పక్కగా దూర్చి మెల్లగా పైకి ఎత్తండి. పదునైన కత్తి వాడవద్దు, సుత్తి అసలే వద్దు. చల్లబడిన గాజు మీద గీత పడితే, తరువాత వేడి తగిలినప్పుడు ఆ గీత దగ్గరే అది చిట్లుతుంది.

ఇందులో ఒకే ఒక ప్రమాదం ఉంది. రెండోసారి కూడా మైనం ఊడిరాలేదని విసుగుతో ఫ్రీజర్ నుంచి తీసిన సీసాను నేరుగా వేడినీళ్ళలో పెట్టేవారు ఉంటారు. మామూలు గాజు ఒక్కసారిగా అంత తేడాను తట్టుకోలేదు. పద్ధతి మార్చాలనుకుంటే సీసా పూర్తిగా గది వేడికి వచ్చేదాకా ఆగండి. పింగాణీ పాత్రల్లో పోసిన కొవ్వొత్తులకు కూడా ఇది వర్తిస్తుంది. వాటి పైపూత వెంట్రుకవాసి గీతలుగా చిట్లిపోతుంది.

మెత్తటి మైనం, ఇరుకు మూతి: వేడినీటి గిన్నె

నా ఉద్దేశంలో ఒక్క పద్ధతే నేర్చుకోవాలనుకునేవారు నేర్చుకోవలసింది ఇదే, ఎందుకంటే ఏ మైనానికైనా, ఏ ఆకారానికైనా ఇది పనికివస్తుంది, మైనం కూడా నీళ్ళు తగలకుండా శుభ్రంగా చేతికి వస్తుంది.

వెడల్పాటి గిన్నె అడుగున మడతపెట్టిన పాత గుడ్డ వేసి, దాని మీద సీసాను నిలబెట్టండి. గుడ్డ లేకపోతే గాజు అడుగు నేరుగా గిన్నె వేడికి తగిలి పగిలే అవకాశం ఉంది. సీసాలోని మైనం మట్టానికి కొంచెం పైదాకా గోరువెచ్చటి నీళ్ళు గిన్నెలో పోయండి. మైనం కొద్దిగా ఉండి సీసా తేలిపోతుంటే నీళ్ళు తగ్గించండి. సన్నని మంట మీద నీటిని మెల్లమెల్లగా వేడి చేయండి. నీళ్ళ మీద ఆవిరి ఆడుతూ, అడుగు నుంచి చిన్నచిన్న బుడగలు మొదలవుతున్న దశ చాలు, తెర్లనివ్వనక్కరలేదు. తెర్లితే నీటి చుక్కలు ఎగిరి మైనంలో పడతాయి. మైనం అంచుల నుంచి కరగడం మొదలై, పది పదిహేను నిమిషాల్లో మధ్య గడ్డ కూడా కదులుతుంది. పూర్తిగా కరిగాక స్టవ్ ఆర్పి, సీసాను మందపాటి గుడ్డతో పట్టుకుని బయటికి తీసి, దాని బయటి తడిని ముందు తుడవండి. ఆ తరువాతే మైనాన్ని కాగితపు కప్పులోకో, సిలికాన్ అచ్చులోకో, మందపాటి కాగితం పరిచిన డబ్బాలోకో వంచండి. తడి తుడవకుండా వంచితే సీసా పక్కల నుంచి నీళ్ళు జారి మైనంలో కలుస్తాయి, ఆ మైనంతో చేసిన కొవ్వొత్తి వెలిగించినప్పుడు చిటపటలాడుతుంది.

స్టవ్ మీద పెట్టడం ఇష్టం లేకపోతే గిన్నెలో వేడినీళ్ళు పోసి, చల్లారినకొద్దీ మార్చుతూ ఉండవచ్చు. సమయం ఎక్కువ పడుతుంది గానీ కొద్దిపాటి సోయా మైనానికి ఇది సరిపోతుంది. చాలాసార్లు మైనం పూర్తిగా కరగకముందే గోడల దగ్గర పట్టు వదిలి, బోర్లిస్తే బిళ్ళగా జారిపోతుంది.

మైనాన్ని నేరుగా మంట మీద ఎప్పుడూ కరిగించకూడదు. నీళ్ళు 100 డిగ్రీలు దాటవు కాబట్టి నీళ్ళలో పెట్టినంతసేపు మైనం కూడా దాటదు. ఆ అడ్డు తీసేస్తే మైనం వేడెక్కుతూ పోయి, 200 డిగ్రీల ప్రాంతానికి చేరాక దాని ఆవిరి అంటుకోవచ్చు. అంటుకుంటే నూనె మంటలాగే చూడాలి: స్టవ్ ఆపి, మూత వేసి, చల్లారేదాకా మూత తీయకుండా వదిలేయాలి. నీళ్ళు చల్లితే అవి మైనం అడుగుకు దిగి, క్షణంలో ఆవిరై, మండుతున్న మైనాన్ని నలువైపులా ఎగజిమ్ముతాయి.

సీసాలోనే వేడినీళ్ళు పోయడం, మరికొన్ని పద్ధతులు

మైనం పలుచటి పొరగా మిగిలితే సీసాలోనే వేడినీళ్ళు పోయవచ్చు. మైనం నీటికంటే తేలిక కాబట్టి కరిగి పైకి తేలుతుంది, చల్లారాక పైన బిళ్ళగా గడ్డకడుతుంది, దాన్ని వేలితో ఎత్తి తీయవచ్చు. మరిగే నీళ్ళు కాకుండా కాస్త చల్లారిన నీళ్ళు వాడండి, అంతకుముందు సీసాను గోరువెచ్చటి నీటితో ఒకసారి తొలిచి వెచ్చబరచండి. పొర మందంగా ఉంటే నీళ్ళు దాని కిందికి చేరలేవు కాబట్టి ముందుగా మొద్దు కత్తితో దాన్ని నాలుగు ముక్కలుగా చీల్చాలి. ఇలా తీసిన బిళ్ళను తడి తుడిచి, ఒకటి రెండు రోజులు ఆరబెట్టాకే కరిగించండి. బిళ్ళ పైకి వచ్చాక మిగిలిన నీళ్ళలో మైనపు రేణువులు ఉంటాయి. వాటిని సింక్‌లో పోయవద్దు. గొట్టంలో చల్లారగానే అవి గడ్డకట్టి, జిడ్డునూ చెత్తనూ పట్టి ఉంచి దారి మూసేస్తాయి. గుడ్డలో వడకట్టి, గుడ్డలో చిక్కినదాన్ని చెత్తబుట్టలో వేయండి.

ఒకేసారి అయిదారు సీసాలు ఉంటే ఓవెన్ అనుకూలం. అంచులున్న ట్రేలో రేకు కాగితం పరిచి, సీసాలను నిలబెట్టి, 80 నుంచి 90 డిగ్రీల మధ్య పావుగంట ఉంచితే మైనం కరుగుతుంది. ఓవెన్ దగ్గరే ఉండండి. హెయిర్ డ్రయర్ గోడలకు అంటుకున్న పలుచటి పొరను మెత్తబరచడానికి పనికొస్తుంది తప్ప, గడ్డంతా దానితో కరిగించబోతే మైనం చిమ్మడమే ఎక్కువ. మైక్రోవేవ్ మాత్రం వద్దు: ఒత్తి కింది లోహపు బిళ్ళ నిప్పురవ్వలు రేపుతుంది, మైనం కూడా మైక్రోవేవ్ తరంగాలకు సరిగా వేడెక్కదు.

ఒత్తి బిళ్ళ, జిగురు, మరకలు

మైనం పోయాక అడుగున లోహపు బిళ్ళ మిగులుతుంది. దాన్ని జిగురుతో అంటిస్తారు. సీసా వెచ్చగా ఉన్నప్పుడే ఆ జిగురు మెత్తగా ఉంటుంది కాబట్టి, మైనం వంచిన వెంటనే చెంచా మొనతో బిళ్ళను పక్కకు తోయండి. చల్లారాక గుర్తొస్తే మళ్ళీ వేడినీళ్ళలో పెట్టండి. బిళ్ళ పాడవకపోతే తుడిచి దాచుకోండి, కొత్త ఒత్తికి పనికివస్తుంది.

గోడల మీది జిడ్డును సీసా వెచ్చగా ఉండగానే టిష్యూ కాగితంతో తుడిచేయాలి. దీన్ని వాయిదా వేస్తే మళ్ళీ మొదటికి వచ్చినట్టే. సోయా మైనపు జాడ వేడినీళ్ళకూ సబ్బుకూ పోతుంది. ప్యారాఫిన్ సబ్బుకు లొంగదు. పొడి కాగితంతో తుడిచి, ఆ తరువాత కొద్దిగా వంటనూనె రాసి, మళ్ళీ తుడిచి, చివర్లో సబ్బుతో కడిగితే గాజు తళతళలాడుతుంది. బయటి చీటీ జిగురుకు నూనె, వంటసోడా సమపాళ్ళలో కలిపి పట్టించి అరగంట ఆగితే సరిపోతుంది. మూతి దగ్గరి మసి నల్లగా పట్టి ఉంటే ముందు పొడి కాగితంతో తుడవండి. తడి చేస్తే అది పాకుతుంది.

కడిగిన సీసాలో కలాలు, దూది, గుండీలు, చిన్న మొక్కలు పెట్టుకోవచ్చు. తినే వస్తువులకూ తాగడానికీ మాత్రం వాడకండి. సువాసన నూనెలు మూత రబ్బరులోనూ, మూలల జిగురులోనూ నిలిచిపోతాయి. పైగా ఆ గాజునూ, దాని మీది రంగులనూ ఆహారం కోసం తయారుచేసి ఉండకపోవచ్చు.

తీసిన మైనాన్ని శుభ్రం చేసి దాచడం

సీసా నుంచి వచ్చిన మైనంలో కాలిన ఒత్తి తునకలు, అగ్గిపుల్ల మొనలు, మసి, దుమ్ము ఉంటాయి. ఇవి కొత్త కొవ్వొత్తిలోకి చేరితే ఒత్తి పీచుల మధ్య అడ్డుపడి మంటను చిన్నబుచ్చుతాయి. పెద్ద తునక అయితే రెండో ఒత్తిలా అదే మండుతుంది. అందుకని మైనాన్ని మరోసారి నీటి గిన్నెలో కరిగించి, పాత నైలాన్ మేజోడు గానీ పలుచటి నూలు గుడ్డ గానీ బిగించిన డబ్బాలోకి వడకట్టాలి. మరీ సన్నటి మసి కొంత గుడ్డను దాటిపోతుంది. అయిదు నిమిషాలు కదపకుండా ఉంచితే అది చాలావరకు అడుగుకు దిగుతుంది, చివరి చెంచాడు వదిలేసి పైనున్నదాన్ని పోసుకోండి. ఇందుకు వాడిన గిన్నె, జల్లెడ, చెంచా మళ్ళీ వంటకు రాకూడదు. వాటిని విడిగా పెట్టుకోండి.

గడ్డకట్టాక మైనం రకాన్నీ, వాసననూ చీటీ మీద రాసి డబ్బాకు అంటించి, ఎండ తగలని చోట ఉంచండి. ఒకే రకం మైనాలను ఒకచోట చేర్చడం మేలు. సోయా, ప్యారాఫిన్ కలిపితే ప్రమాదమేమీ లేదు గానీ, ఏ మందం ఒత్తి సరిపోతుందో అంచనాకు అందదు. రంగుల విషయంలో చేతికి వచ్చినవన్నీ కలిపితే చివరికి తేలేది మట్టిరంగే. వాసనలకూ ఇదే మాట: వెనిలా, దాల్చినచెక్క ఒకదానితో ఒకటి సర్దుకుంటాయి, సముద్రపు గాలి పేరుతో అమ్మే వాసన దేనితోనూ సర్దుకోదు.

కొద్దిగా ఉంటే

గుప్పెడు మైనానికి కొత్త కొవ్వొత్తి రాదు. అయినా దానికి పనులు ఉన్నాయి. బిగుసుకున్న జిప్పు పళ్ళ మీద రుద్ది, జిప్పును పైకీ కిందికీ నాలుగుసార్లు లాగితే సాఫీగా నడుస్తుంది. చెక్క సొరుగు కింది అంచులకూ, గాడులకూ రుద్దితే కిర్రుమనడం పోతుంది. గట్టి చెక్కలో స్క్రూ బిగించేటప్పుడు దాని మరలకు కాస్త మైనం పట్టిస్తే తక్కువ బలంతో దిగుతుంది, తల చెడదు. తోటపని ముట్ల ఇనుముకు పలుచగా పట్టిస్తే తుప్పు ఆలస్యమవుతుంది.

వాసన ఇంకా బాగుంటే చిన్న సిలికాన్ అచ్చుల్లో పోసి బిళ్ళలు చేసుకోండి. వాటిని కరిగించే దీపం లాంటి పాత్రలో ఒత్తి లేకుండానే వాడవచ్చు. ఆరుబయట పొయ్యి రాజేసేవారికి మరో మార్గం ఉంది: అట్టతో చేసిన కోడిగుడ్ల ట్రే గుంతల్లో రంపపు పొట్టు నింపి, కరిగిన మైనం పోసి, ఆరాక విడివిడిగా కత్తిరించుకుంటే ఒక్కొక్కటీ తడి పుల్లలను కూడా అంటించేంతసేపు మండుతుంది. సువాసన, రంగు కలిసిన మైనాన్ని పెదవులకు రాసే పూతల్లోనూ, ఆహారం చుట్టే గుడ్డల్లోనూ వాడకూడదు.

కొత్త కొవ్వొత్తి పోయడం

ముందు ఎంత మైనం కావాలో తేల్చుకోండి. ఖాళీ సీసాలో మీరు కోరిన మట్టం వరకు నీళ్ళు పోసి తూచి, ఆ నీటి బరువులో పదోవంతు తీసేస్తే దాదాపు కావలసిన మైనం బరువు వస్తుంది. 200 మిల్లీలీటర్ల నీళ్ళు పట్టే చోటుకు సుమారు 180 గ్రాములన్నమాట. కొలిచాక సీసాను తడి ఏమాత్రం లేకుండా ఆరనివ్వండి.

అసలు కీలకం ఒత్తిలో ఉంది. అల్లిన నూలు ఒత్తిని సీసా వ్యాసానికి తగిన మందంతో ఎంచుకోవాలి. ఒత్తులు అమ్మేవారు ఏ వ్యాసానికి ఏ సంఖ్య ఒత్తి అన్న పట్టిక ఇస్తారు. మామూలు దారం పనికిరాదు. అల్లిన ఒత్తి కాలుతూ కొస పక్కకు వంగి, మంట అంచుకు చేరి తనంతట తాను బూడిదవుతుంది, అందుకే అది పొడవుగా పెరిగిపోయి మసి కక్కదు. సీసా 9 సెంటీమీటర్లకు మించి వెడల్పుంటే ఒకదానికి బదులు రెండు ఒత్తులు, వాటి మధ్య సమానమైన ఎడంతో పెట్టడం మంచిది. ముందే మైనం పట్టించని ఒత్తి అయితే కరిగిన మైనంలో ఒక నిమిషం ముంచండి. లోపలి గాలి బుడగలుగా బయటికి పోతుంది. తీసి నిటారుగా లాగి ఆరనివ్వండి. తరువాత లోహపు బిళ్ళకు గుచ్చి, కొద్ది మైనంతోనో జిగురుతోనో సీసా అడుగున సరిగ్గా నడిమధ్యన అంటించండి. పైకొస సీసా మూతి మీద అడ్డంగా పెట్టిన రెండు పుల్లల మధ్య బిగించి నిలబెట్టండి.

మైనాన్ని నీటి గిన్నెలో 75 నుంచి 80 డిగ్రీల దాకా వేడి చేసి, అదనంగా సువాసన కావాలంటే అప్పుడు కలపండి. పాత మైనంలో కొంత ముందే ఉంది కాబట్టి 100 గ్రాములకు 3, 4 గ్రాములు దాటవద్దు. ఎక్కువైతే మైనం పట్టుకోలేక పైన నూనె చెమర్చుతుంది. రంగుకు కొవ్వొత్తుల కోసం అమ్మే రంగే వాడండి. పిల్లల మైనపు రంగుపెన్సిళ్ళలోని పొడి కరగదు, ఒత్తిలో ఇరుక్కుని మంటను ఊపిరాడకుండా చేస్తుంది.

సీసాను కాస్త వెచ్చబరచి, మైనం 60 నుంచి 65 డిగ్రీలకు దిగాక సన్నటి ధారగా పోయండి. చల్లటి గాజు మీద పోస్తే మైనం అక్కడక్కడ గోడను వదిలి తడిమచ్చల్లా కనిపిస్తుంది. అది చూపుకే లోపం, కాలడానికి కాదు. ఆరుతున్నప్పుడు ఒత్తి చుట్టూ గుంత పడటం ప్యారాఫిన్‌లో తప్పదు. అందుకే మైనంలో కొంత ముందే మిగుల్చుకుని, పైపొర గట్టిపడ్డాక ఒత్తి పక్కన సన్నటి పుల్లతో రెండు మూడు రంధ్రాలు చేసి, మిగిల్చినదాన్ని వేడి చేసి ఆ గుంతలో నింపాలి. గాలి తగలని చోట ఒక రోజు వదిలేయండి. సోయా మైనమైతే వారం పదిరోజులు ఆగితే వాసన బాగా నిలుస్తుంది.

వెలిగించే ముందు ఒత్తిని 5, 6 మిల్లీమీటర్ల పొడవుకు కత్తిరించండి. మొదటిసారి కరిగిన మైనం సీసా అంచుదాకా చేరేవరకు ఆర్పకండి. వ్యాసంలో ప్రతి రెండున్నర సెంటీమీటర్లకూ సుమారు గంట పడుతుంది, కానీ ఒక్క విడతలో నాలుగు గంటలు దాటనివ్వవద్దు. అంతసేపూ మంటను గమనిస్తూ ఉండండి. మంట ఎగిసిపడుతూ పొగ కక్కుతున్నా, సీసా పట్టుకోలేనంత వేడెక్కినా ఒత్తి లావైందని అర్థం. వెంటనే ఆర్పి, మైనం కరిగించి ఒక సంఖ్య తక్కువ ఒత్తితో మళ్ళీ పోయండి. మంట చిన్నదై, చుట్టూ మైనం కరగకుండా గోడలా మిగిలిపోతుంటే ఒత్తి సన్నదన్నమాట, ఒక సంఖ్య పెద్దది ఎంచుకోండి. ఒత్తి సరైనదే అయినా మంట తడబడుతూ చిటపటలాడుతుంటే మైనంలో నీళ్ళు చిక్కుకున్నాయి: మళ్ళీ నీటి గిన్నెలో కరిగించి, కదపకుండా గడ్డకట్టనిస్తే నీళ్ళు అడుగుకు చేరతాయి, బిళ్ళను బోర్లించి ఆ తడిని తుడిచేసి మరోసారి పోసుకోవచ్చు.